ఆపద మిత్ర: గోదారి లంకలో నా 12 రోజుల శిక్షణ, ఆ తర్వాత

మా మేనమామ ఇప్పటికీ ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. ఆ నడక చూసినప్పుడల్లా నాకు 2022 జూలై గుర్తొస్తుంది.

మాది కోనసీమలో ఒక లంక. ఏటిగట్టుకు లోపల, గోదారి పాయకు ఆనుకుని ఉంటుంది. ఏటా వరద వస్తుంది, ఊరికి దారైన కాజ్‌వే మునుగుతుంది, నాలుగు రోజులు పడవల మీద తిరుగుతాం, నీరు తీశాక ఇళ్లు కడుక్కుంటాం. మాకది అలవాటే. కానీ ఆ ఏడాది భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. అన్నిటికన్నా పెద్దదైన మూడో ప్రమాద హెచ్చరికే 17 లక్షల దగ్గర ఇస్తారు. మా తాతగారు 1986 వరద గురించి చెబుతుంటే చిన్నప్పుడు కథలా వినేదాన్ని. ఆ రాత్రి మా అరుగు మీదికి నీళ్లెక్కుతుంటే కథలా అనిపించలేదు.

చీకట్లో గేదె తాడు విప్పడానికి మావయ్య గడ్డిమేటు వైపు వెళ్లాడు. నీళ్లకు పాములన్నీ మెరక చూసుకుని అక్కడికే చేరాయి. మడమ మీద కరిచింది. మేము ఏం చేశామో దాచకుండా చెబుతాను. నా చీర కొంగు చింపి మోకాలి కింద ఒకటి, చీలమండ పైన ఒకటి, కదలకుండా బిగించి కట్టింది నేనే. పక్కింటాయన బ్లేడుతో గాటు పెట్టి రక్తం పిండాడు. పడవ దొరికేసరికి తెల్లారింది. ఆసుపత్రిలో విరుగుడు ఇంజక్షన్లు ఇచ్చి ప్రాణం నిలబెట్టారు కానీ, కట్టు కింద కాలు నల్లబడిపోయింది. గాటు పెట్టిన చోట కుళ్లి, రెండు నెలలు మంచంలో ఉండి, తొడ మీది చర్మం తీసి అక్కడ వేయాల్సి వచ్చింది. డాక్టరు గారు నాతో మెల్లగానే అన్నారు, "పాము చేసిన చేటు కన్నా ఆ కట్టు చేసిన చేటే ఎక్కువమ్మా" అని. ఎవరు కట్టారని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ సంవత్సరం చివర్లో గ్రామ సచివాలయానికి వేరే పని మీద వెళ్తే గోడకు ఒక కాగితం అంటించి ఉంది. వరదలు, తుపానులప్పుడు సాయం చేసే 'ఆపద మిత్ర' శిక్షణకు స్వచ్ఛందంగా ముందుకొచ్చేవారు పేర్లు ఇవ్వండి, వయసు 18 నుంచి 40 లోపు, కనీసం ఏడో తరగతి చదివి ఉండాలి, స్థానికులై ఉండాలి అని. నాకప్పుడు 34. పదో తరగతి పాసయ్యాను. ఊళ్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, డ్వాక్రా సంఘం లెక్కలు రాస్తాను. ఆ కాగితం కింద చిన్న అక్షరాలతో 'పాము కాటు, ప్రథమ చికిత్స, నీటి నుంచి రక్షణ' అని రాసి ఉంది. మొదటి రెండు మాటలు చూసి పేరు రాయించాను. మిగతాదేమీ ఆలోచించలేదు.

ఇంట్లో ఒప్పుకోవడం కొంచెం కష్టమైంది. 12 రోజులు అక్కడే ఉండి నేర్చుకోవాలి. పిల్లలిద్దరూ బడికి వెళ్లాలి, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మా ఆయన మాత్రం మావయ్యను ఆసుపత్రిలో మోసిన మనిషి, కాబట్టి వెంటనే "వెళ్లు" అన్నాడు. ఊళ్లో ఇంకో చిక్కు వచ్చింది. అప్పట్లో ప్రతి 50 ఇళ్లకూ ఒక గ్రామ వాలంటీర్ ఉండేవారు, వాళ్లకు నెలకు 5 వేలు గౌరవ వేతనం వచ్చేది. నేను వాలంటీర్‌గా వెళ్తున్నానంటే అందరూ "నీకూ 5 వేలు ఇస్తారా పిన్నీ?" అని అడిగేవారు. ఇవ్వరు, ఇది వేరే అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఆ అయోమయం వల్ల డబ్బు వస్తుందనుకుని పేరిచ్చినవాళ్లు ఇద్దరు తర్వాత మానుకున్నారు. పథకానికి పేరు పెట్టేటప్పుడూ ఊళ్లో చెప్పేటప్పుడూ ఇలాంటివి ముందే విడమరిచి చెప్పాలి. ఆశపడి వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లు రెండోసారి రారు.

కాగితాల పని ఎక్కువేమీ లేదు. ఆధార్, చదువు సర్టిఫికెట్, ఫొటోలు, పీహెచ్‌సీ డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ కాగితం. నా ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, పది సర్టిఫికెట్‌లో ఒకలా ఉండటంతో ఒక ఆఫీసులో ఫారం తిరగ్గొట్టారు. ఎక్కడ సరిచేయించాలో ఎవరూ చెప్పలేదు. మూడుసార్లు తిరిగాను. పేరు వచ్చిందో లేదో తెలియక ఆ నెలంతా టెన్షన్ పడ్డాను. చివరికి బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఫోను వచ్చింది. బట్టలు, దుప్పటి, చుడీదార్లు తెచ్చుకోమన్నారు. చీరతో పరిగెత్తలేరని.

2023 జనవరి, సంక్రాంతి దాటిన తర్వాత మొదలైంది. భోజనం, బస వాళ్లే చూసుకున్నారు. మా బ్యాచ్‌లో లంకల నుంచి వచ్చినవాళ్లు, సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన మత్స్యకారుల పిల్లలు, ఒక ఆశా కార్యకర్త, కొబ్బరి దింపు తీసే అబ్బాయి, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు ఉన్నారు. దింపు అబ్బాయి రోజూ రాత్రి లెక్క వేసుకునేవాడు, ఇవాళ ఎన్ని చెట్ల కూలి పోయిందో అని. అయినా ఒక్క రోజు కూడా మానలేదు. నాకు అతని మీద ఉన్న గౌరవం ఇంకెవరి మీదా లేదు.

మొదటి రోజు ఒక సారు అసలు ఈ పథకం ఎందుకు పుట్టిందో చెప్పారు. తుపానో వరదో వస్తే ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందం ఎంత త్వరగా బయల్దేరినా గంటలు పడుతుంది. మా ప్రాంతానికి దగ్గరి ఎన్డీఆర్‌ఎఫ్ బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. అక్కడి నుంచి లారీలు, బోట్లు లంక దాకా రావాలి. ఈలోపు మనిషిని నీళ్లలోంచి లాగేది పక్కింటివాడే. ఆ పక్కింటివాడికి పని తెలిసుండాలి. ఇదే ఆలోచనతో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదట 30 వరద జిల్లాల్లో, జిల్లాకు 200 మంది చొప్పున 6 వేల మందికి శిక్షణ ఇవ్వాలని మొదలుపెట్టింది. అది బాగుందని 2021 తర్వాత 350 జిల్లాలకు పెంచి, లక్ష మందిని తయారుచేయడానికి 369 కోట్ల 40 లక్షలు కేటాయించారు. మేము ఆ లక్షలో కొందరం.

పక్కింటివాడు అని ఆయన అన్నప్పుడు నాకు బ్లేడు పట్టుకున్న మా పక్కింటాయన గుర్తొచ్చాడు. ఆయనా సాయం చేద్దామనే వచ్చాడు. మేమందరం మంచి మనసుతోనే మావయ్య కాలు పాడుచేశాం.

పాము కాటు పాఠం నాలుగో రోజు వచ్చింది. కట్టు కట్టొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. పాముని వెతికి చంపడానికి పోయి టైము పాడుచేయొద్దు. మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టాలి, పట్టీలు, ఉంగరాలు, బిగుతు బట్టలు తీసేయాలి, విరిగిన కాలికి కట్టినట్టు చెక్కముక్క ఆసరా పెట్టి వదులుగా కట్టి, మోసుకుని విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నడిపించకూడదు. చెప్పింది ఇంతే, ఓ అరగంట పాఠం. నేను పుస్తకంలో రాసుకోలేకపోయాను. పక్కన కూర్చున్న ఆశా అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకు అప్పటికే నేను సంగతి చెప్పాను.

సాయంత్రం ఆ సారుతో విడిగా మాట్లాడాను. ఆయన ఓదార్చలేదు. "మీరు కట్టినట్టే రాష్ట్రమంతా కడుతున్నారమ్మా. ఊరెళ్లాక ఎంతమందికి చెబుతారో చెప్పండి" అన్నారు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు చెబుతూనే ఉన్నాను.

ఈత రోజుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గోదారి పక్కనే పుట్టి, గోదారి పక్కకే కోడలిగా వచ్చాను కానీ నాకు ఈత రాదు. మా ఊళ్లో మగపిల్లలు ఆరేళ్లకే రేవులో దూకుతారు. ఆడపిల్లలకు ఎవరూ నేర్పరు. నీళ్లు మోయడానికి, బట్టలు ఉతకడానికి రేవులోకి దిగేది మేమే, మునిగితే తేలలేనిది కూడా మేమే. బ్యాచ్‌లో ఆడవాళ్లలో ఈత వచ్చినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ సముద్రం ఒడ్డు పిల్లలు. మొదటి రోజు లైఫ్ జాకెట్ వేసుకుని కూడా చెరువు గట్టు వదలలేకపోయాను. మూడు రోజుల్లో ఈతగత్తెను కాలేదు కానీ, వెల్లకిలా పడుకుని ఊపిరి పట్టి తేలడం వచ్చింది. జాకెట్ పట్టీలు కాళ్ల సందు నుంచి తెచ్చి కట్టకపోతే నీళ్లలో అది తల మీదికి లేచిపోతుందని అప్పుడే తెలిసింది. టీవీలో నాయకులు పడవల్లో జాకెట్ భుజానికి తగిలించుకుని కనిపిస్తే ఇప్పుడు నాకు గుండె దడదడలాడుతుంది.

నీళ్ల పాఠాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్లలోకి దిగకపోవడం. మునుగుతున్న మనిషి కనిపిస్తే ముందు కర్రో, చీరో, కొబ్బరిమట్టో అందించు. అందకపోతే తాడు కట్టిన డబ్బా విసురు. అదీ కుదరకపోతే పడవ మీద వెళ్లు. ఏదీ లేకపోతేనే, అదీ నేర్చిన మనిషైతేనే, దిగు. ఈ వరస మాతో రోజూ వల్లెవేయించారు. ప్రవాహంలోకి దిగేవాడి నడుముకి తాడు కట్టి గట్టు మీద నుంచి పట్టుకోవడం మా లంకల్లో అందరూ చేసే పని. తాడు బిగుసుకుంటే ప్రవాహం ఆ మనిషిని కిందికి అదుముతుందని, తల పైకి రానివ్వదని చెప్పారు. అది విన్నాక ఎవరూ మాట్లాడలేదు. 2022లో మా వీధి కుర్రాళ్లు నలుగురు అలాగే దిగారు. వాళ్లు బతికి ఉండటం అదృష్టం, అంతే.

అరటి బోదెలతో తెప్ప కట్టడం మాకు తెలిసిందే. కానీ ఖాళీ నూనె డబ్బాలు మూతలు బిగించి లుంగీలో మూటకట్టి తేలడం, రెండు వెదురు గడలకు రెండు చొక్కాలు తొడిగి స్ట్రెచర్ చేయడం, ఎంత లాగినా బిగుసుకోని ముడి వేసి మనిషి చంకల కింద తాడు తిప్పడం కొత్త. ఆ ముడి మత్స్యకారుల పిల్లలకు పుట్టుకతోనే వచ్చు. వాళ్లే సార్లకన్నా బాగా నేర్పారు. నేను కుట్టుపని చేసేదాన్ని కాబట్టి నా వేళ్లు కూడా త్వరగానే పట్టుకున్నాయి.

సీపీఆర్ బొమ్మ మీద నేర్పారు. రొమ్ము మధ్యలో అరచేతి కింది గట్టి భాగం ఆనించి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతు నొక్కాలి. 30 నొక్కుళ్లకు రెండు ఊపిరులు. రెండు నిమిషాలకే చేతులు పడిపోయాయి, అందుకే ఇద్దరు మారుతూ చేయాలన్నారు. మునిగి పైకి తీసినవాళ్లను బోర్లా వేసి పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మాకు తరతరాల అలవాటు. దానితో విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని చెప్పారు. ఒక పెద్దాయన లేచి, మా నాన్న అలాగే ముగ్గుర్ని బతికించాడని వాదించాడు. సారు కోప్పడలేదు, వాళ్లకు ఊపిరి అప్పటికే ఆడుతూ ఉండి ఉంటుందన్నారు. ఆ పెద్దాయన రాత్రి భోజనాల దగ్గర కూడా ఆలోచిస్తూనే ఉన్నాడు.

గ్యాస్ సిలిండర్ మంట మీద తడి గోనె కప్పడం, మంటలార్పే సిలిండర్ పిన్ను లాగి మంట అడుగున గురిపెట్టడం, కరెంటు తగిలినవాడిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపడం, ఒకేసారి చాలామందికి దెబ్బలు తగిలితే ఎవరిని ముందు పంపాలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు గుర్తులతో విడదీయడం, ఇవన్నీ కూడా అయ్యాయి. అన్నీ పనికొచ్చేవే కానీ రోజుకు ఇన్ని చెబితే బుర్రకెక్కవు. 12 రోజులు ఎక్కువ అనుకుని వెళ్లాను, తక్కువ అనుకుంటూ వచ్చాను.

చివరి రోజు కిట్ ఇచ్చారు. బ్యాగులో లైఫ్ జాకెట్, హెల్మెట్, గమ్ బూట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, టార్చి, విజిల్, తాడు, చాకు, ప్రథమ చికిత్స డబ్బా, దోమతెర, నీళ్ల సీసా, యూనిఫాం ఉన్నాయి. బూట్లు నాకు రెండు సైజులు పెద్దవి. గుర్తింపు కార్డు, సర్టిఫికెట్ ఇచ్చారు. మూడేళ్లపాటు జీవిత, ఆరోగ్య బీమా ఉంటుందన్నారు. మా అత్తగారికి అన్నిటికన్నా నచ్చింది ఆ బీమా మాటే. "పోనీలే, ఊరికే నీళ్లలోకి తోసెయ్యట్లేదు" అంది. ఆవిడ అన్నది చాలా సరైన మాట. జీతం లేకుండా పని అడిగే ప్రభుత్వం కనీసం ఆ మనిషికేమైనా అయితే ఇంటివాళ్లను చూస్తానని రాసివ్వాలి.

ఊరొచ్చాక నాకు ఎవరూ ఏ పనీ చెప్పలేదు. యూనిఫాం మడత పెట్టి బీరువాలో పెట్టాను. నెల రోజులు గడిచాక నాకే అనిపించింది, వరద వచ్చేదాకా కూర్చుంటే ఇదంతా మరిచిపోతానని. శిక్షణలో ఊరి పటం గీయించి, ఎవరు ముందు కదలాలో జాబితా రాయించారు. ఆ నోటుబుక్కు తీసి, ఆశా కార్యకర్తను వెంట తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. నెలలు నిండుతున్న గర్భిణులు ఎవరు, మంచం పట్టినవాళ్లు ఎవరు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఎవరు, ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు ఎవరు, ఫిట్స్ వచ్చే పిల్లలు ఎవరు. ఒక్కో పేరు ఎదురుగా, వాళ్ల కోసం ఎవరు వెళ్లాలి అన్నది ఇంకో గడి. మొదట అందరూ నవ్వారు. ఎండాకాలంలో వరద లెక్కలేంటి అన్నారు. 41 పేర్లు తేలాయి. మా చిన్న లంకలో 41 మంది తమంతట తాము కదలలేరని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, వీఆర్‌వో గారికి కూడా.

2024 జూలై చివర్లో భద్రాచలంలో 53 అడుగులు దాటి మూడో హెచ్చరిక ఇచ్చారు. అక్కడ పెరిగింది మాకు ఇంచుమించు మర్నాడు తెలుస్తుంది. ఆ ఒక్క రోజే మా చేతిలో ఉండేది. వెనకటి రోజుల్లో ఆ రోజంతా టీవీ ముందు గడిపేవాళ్లం. ఈసారి నేనూ ఆశా అక్కా నోటుబుక్కు తీశాం.

మొదటి పేరు ఒక తొలిచూలు అమ్మాయిది, తొమ్మిదో నెల. వాళ్ల అత్తగారు నాకు వరసకు పెద్దమ్మ.

"ఇంకా పది రోజులుంది కదే. నీళ్లు గుమ్మంలోకి వచ్చాక చూద్దాం" అంది.

"గుమ్మంలోకి వచ్చాక పడవ కావాలి పెద్దమ్మా. ఇప్పుడైతే ఆటో చాలు."

"పుట్టింటికి పంపలేదని వాళ్లు నన్ను అనరూ? ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లి పడేస్తే ఊరు ఏమనుకుంటుంది?"

ఎంత చెప్పినా కదలలేదు. అప్పుడు మా మావయ్య వచ్చాడు, ఎవరూ పిలవకుండా. పంచె మోకాలి పైకి తీసి కాలు చూపించాడు. "వదినా, ఆ రాత్రి పడవ దొరక్క తెల్లారేదాకా ఉన్నాను" అన్నాడు. ఇంకేమీ అనలేదు. పెద్దమ్మ లోపలికెళ్లి సంచి సర్దింది. కాజ్‌వే మీదికి నీళ్లు రాకముందే, సాయంత్రం 4 గంటలకు, ఆ అమ్మాయిని గట్టు దాటించాం. రాత్రికి కాజ్‌వే మునిగింది. నాలుగో రోజు ఆడపిల్ల పుట్టింది, ఆసుపత్రిలో, లైట్ల కింద.

నా చేతులతో మావయ్యకు చేసిన చేటు ఆయన కాలితోనే ఇంకొకరికి మేలైంది. దాన్ని ఎలా మోయాలో నాకింకా తెలియదు.

ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక దాకా వచ్చింది. లంకలో నీళ్లు నిలిచాయి కానీ 2022 అంత కాదు. 41 మందిలో 33 మందిని ముందే పంపగలిగాం. ఇద్దరు ససేమిరా అన్నారు, మిగతావాళ్లకు మేడ ఇళ్లు చూపించాం. నేను లైఫ్ జాకెట్ వేసుకుని చేసిన సాహసం ఏదైనా ఉంటే అది ఒక్కటే. పదిహేనేళ్ల కుర్రాడు కొట్టుకుపోతున్న కొబ్బరికాయల కోసం నడుము లోతు నీళ్లలోకి వెళ్లి కాలు జారాడు. కంచె స్తంభం పట్టుకుని అరుస్తున్నాడు. ఇద్దరు దిగబోతుంటే ఆపాను. ఆపడమే కష్టం, తిట్టారు కూడా. పేరు పెట్టి గట్టిగా పిలిచి, వాడు నావైపు చూశాక, డబ్బా కట్టిన తాడు వాడి తల దాటి పడేలా విసిరాను. మొదటిసారి తప్పింది. రెండోసారి పట్టుకున్నాడు. నలుగురం గట్టు మీద కూలబడి కాళ్లు తన్నిపెట్టి లాగాం. మొత్తం మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. రాత్రంతా నా చేతులు వణికాయి.

ఇక నా బాధ చెబుతాను. శిక్షణ అయి రెండేళ్లు దాటింది. ఒక్కసారి కూడా మళ్లీ పిలిచి నేర్పింది గుర్తు చేయలేదు. సీపీఆర్ లాంటిది ఏడాదికోసారైనా బొమ్మ మీద చేయకపోతే చేతులు మర్చిపోతాయి. ప్రథమ చికిత్స డబ్బాలో మందుల తేదీ అయిపోయింది, నా డబ్బుతో కొని నింపాను. మా మండలంలో నాతో శిక్షణ తీసుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు ఒక ఆఫీసులో అడిగితే జాబితా తమ దగ్గర లేదన్నారు. దింపు అబ్బాయి ఇప్పుడు పనికోసం వేరే రాష్ట్రం వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. మూడేళ్ల బీమా 2026 జనవరి దాకానే. పొడిగిస్తారా అని అడిగితే చూద్దామన్నారు. కోట్లు ఖర్చుపెట్టి లక్ష మందిని తయారుచేశాక, వాళ్లెక్కడున్నారో, చేతులు తడబడకుండా ఉన్నాయో, ఇంకా బీమా ఉందో లేదో చూడటానికి దాంట్లో కొంచెం చాలు. పరికరాలు పాడైతే కొత్తవి ఇవ్వొచ్చు. శిక్షణ పొందిన మనిషి చల్లబడిపోతే మళ్లీ నిలబెట్టడం కష్టం.

మంచి కబురు ఒకటి ఉంది. ఇప్పుడు 'యువ ఆపద మిత్ర' అని ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, నెహ్రూ యువ కేంద్రాలు, స్కౌట్స్ అండ్ గైడ్స్ పిల్లలకు శిక్షణ ఇస్తున్నారు. 315 జిల్లాల్లో 2 లక్షల 37 వేల మందికి పైగా, 470 కోట్లతో. మా బావగారి అమ్మాయి డిగ్రీలో ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉంది, పేరిచ్చింది. తనకు ఈత రాదు. ఈ వేసవిలో రేవు పక్కన లోతు లేని చోట, నడుముకి ఖాళీ డబ్బాలు కట్టి, తనకూ ఇంకో ఐదుగురు ఆడపిల్లలకూ వెల్లకిలా తేలడం నేర్పించాం. నేర్పింది నేను కాదు, శిక్షణలో పరిచయమైన సముద్రం ఒడ్డు అమ్మాయి, రెండు బస్సులు మారి వచ్చింది. బస్సు డబ్బులు ఇస్తే తీసుకోలేదు, చేపల పులుసు తిని వెళ్లింది.

పేరు ఇవ్వాలనుకునేవాళ్లకు నేను చెప్పేది, ముందు ఆధార్‌లో, సర్టిఫికెట్‌లో పేర్లు ఒకేలా ఉన్నాయో చూసుకోండి. చుడీదార్లు నాలుగు పట్టుకెళ్లండి. బూట్ల సైజు అక్కడే మార్పించుకోండి. మీతో నేర్చుకున్న ప్రతి ఒక్కరి నంబరూ మీరే రాసుకోండి, ఆఫీసులో ఉంటుందని వదిలేయకండి. పరీక్ష రోజు మానినా, పాము కాటు పాఠం రోజు మాత్రం అస్సలు మానకండి.

ఈ జూన్‌లో జాబితా మళ్లీ రాశాను. మూడు పేర్లు కొట్టేశాను, ముసలివాళ్లు వెళ్లిపోయారు. ఆసుపత్రిలో పుట్టిన ఆ పాప పేరు చంటిపిల్లల గడిలో చేరింది. మిగతా కొత్త పేర్లూ కలిపితే మొత్తం 44. వాళ్ల కోసం ఎవరు వెళ్లాలి అన్న గడిలో మావయ్య పేరు రెండుచోట్ల ఉంది, తనే రాయించుకున్నాడు. రేవు దగ్గర ఒంటరిగా ఉండే పక్షవాతం మామ్మ ఎదురుగా మాత్రం ఇంకా ఎవరి పేరూ లేదు. ఆవిడను మోయడానికి ఇద్దరు కావాలి. రేపు సాయంత్రం మళ్లీ ఆ వీధిలోకి వెళ్లి అడగాలి.